పై గీత, కింది గీత

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటంటే, మా అత్తయ్య చేతుల్లోంచి నా కూతురు జారి పడిపోతుందేమోనని.

ఈ మాట పైకి అనడానికి నాకు చాలా కాలం పట్టింది. మామూలుగా నా భయాలకు కొదవ లేదు. గ్యాస్ కట్టేశానో లేదో అని దిగిన మెట్లు మళ్ళీ ఎక్కుతాను. చొక్కా గుండీ ఒకటి ఊడి కనిపించకపోతే, బుడ్డది మింగేసిందేమోనని అది దొరికేదాకా అన్నం ముట్టను. మా ఆయన డెలివరీ వ్యాను నడుపుతాడు. కాస్త ఆలస్యమైతే వీధి చివరిదాకా వెళ్ళి నిలబడతాను. "నాకు ఇన్సూరెన్సు అక్కర్లేదే. నా బదులు నువ్వే రోజూ చచ్చి బతుకుతున్నావు" అంటాడు. అత్తయ్య నన్ను పిరికిపిల్లా అని పిలుస్తుంది, ముద్దుగానే. అందుకే ఈ భయాన్ని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇదీ ఆ వరసలోదేనని నవ్వుతారు. నవ్వకపోతే అది ఇంకా ఘోరం.

కానీ ఈ భయం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. నా పనిలోంచి పుట్టింది.

అత్తయ్య వయసులో ఉన్నప్పుడు ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేది. అప్పట్లో ఆల్బముల్లో నల్లటి అట్ట పేజీలుండేవి. ఫోటో అంటించి, దాని కింద తెల్ల సిరాతో, సన్నటి పాళీతో ఒక వాక్యం రాయడం ఆవిడ పని. 'పెళ్ళికూతురు నవ్వు ఆపుకుంటోంది.' 'బాబాయి కళ్ళు మూసేశాడు, ఫోటో మళ్ళీ తీయలేదు.' ఇలాంటివి. ఆ రాత చేత్తో రాసినట్టుగా ఉండదు. ఎవరో సన్నటి దారం జారవిడిస్తే అదే అక్షరమై కూర్చున్నట్టు ఉంటుంది. తలకట్టు పిట్టముక్కులా పైకి లేస్తుంది. ఒత్తు చెవి కింద లోలాకులా వేలాడుతుంది. ఎక్కడా చెయ్యి బరువు తెలియదు.

ఆ ఆల్బముల్లో ఒకటి అక్షరాలక్క వాళ్ళింట్లో ఉంది. అక్షరాలక్క అంటే కంప్యూటరులో వాడే అక్షరాలు తయారుచేసే ఆవిడ. ఫాంటు అంటారు వాటిని. సైకిలు షాపు పైన రెండు గదుల్లో ఆవిడ ఆఫీసు. వాళ్ళ అమ్మానాన్నల పెళ్ళి ఆల్బము తిరగేస్తూ ఆ రాతకి మనసు పారేసుకుని, స్టూడియో ఎప్పుడో మూతపడినా వాళ్ళనీ వీళ్ళనీ అడిగి మా ఇల్లు పట్టుకుంది.

"పెద్దమ్మా, మీ చేతిరాత నాకు కావాలి" అంది గుమ్మంలోనే.

"తీసుకుపోమ్మా. పప్పుల డబ్బాల మీద రాసుకోడానికి తప్ప నాకూ దాంతో పనిలేదు" అంది అత్తయ్య.

అలా మొదలైంది. దాంతోపాటు నాకూ ఉద్యోగం వచ్చింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని, నాకు ఉద్యోగం ఏమిటని నేనే నవ్వాను. అక్షరాలక్క మాత్రం "కాగితాలు స్కాన్ చేసి, దుమ్ము చుక్కలు తుడిచే ఓపిక కావాలి, అంతే. నువ్వు బియ్యంలో రాళ్ళేరడం చూశాను" అంది. బుడ్డదాన్ని చూసుకోవడానికి అత్తయ్య ఉండనే ఉంది. అత్త మంచీ వేప తీపీ ఉండవంటారు కదా, మా ఇంట్లో ఒకటి దొరికిందని అక్క ఎప్పుడూ అంటుంది.

పని ఇదీ. అత్తయ్య కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని తెల్లకాగితాల మీద అక్షరాలు రాస్తుంది. వాటి మీద గీతలుండకూడదని అక్క షరతు, గీతలుంటే చెయ్యి బిగుసుకుంటుందట. మన అక్షరాలకి ఫాంటు చెయ్యడమంటే ఉమ్మడి కుటుంబానికి బట్టలు కుట్టించడమే. అక్షరానికో గుణింతం, దానికి మళ్ళీ ఒత్తులు, ఒత్తుకి ఒత్తు. ఒక్కరికి తక్కువైనా అలుగుతారు. అందుకని నెలల తరబడి, ఓపికున్నప్పుడు ఓ కాగితం చొప్పున రాసింది. నేను ఆ కాగితాలు తీసుకెళ్ళి స్కానర్లో పెట్టేదాన్ని. కంప్యూటరు తెర మీద రెండు నీలం గీతలుంటాయి. పై గీత, కింది గీత. ప్రతి అక్షరమూ ఆ రెంటినీ ముట్టేలా మూల పట్టుకుని లాగాలి. అప్పుడే అన్నీ ఒక ఎత్తులో నిలబడతాయి. లాగేశాక ముందు ఎంతుందో కంప్యూటరుకి గుర్తుండదు, మనకీ గుర్తుండదు.

ఆ ఫాంటుకి నూలుపోగు అని పేరు పెట్టింది అక్క. ఇంకా పూర్తికాకముందే అడిగేవాళ్ళు తయారయ్యారు. సబ్బులు చేసే ఒకావిడ డబ్బా మీదకి కావాలంది. పసిపిల్లల బట్టలు కుట్టే షాపువాళ్ళు మెడ దగ్గర చీటీకి అడిగారు. ఒక లాయరుగారొచ్చి తన బోర్డు మొత్తం వీటితోనే రాయమన్నాడు.

"ఇంత మెత్తగా రాస్తే మీకు కేసులెవరిస్తారండీ? ఎదుటివాళ్ళు జాలిపడి రాజీకొచ్చేస్తారు" అంది అక్క.

"అదే కదమ్మా నాక్కావాల్సింది" అన్నాడాయన.

చివరికి పేరొక్కటే నూలుపోగులో వేసి, మిగతాదంతా మామూలు లావు అక్షరాల్లో వేసింది. ఈ పని నేను ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇలాంటి అక్షరాన్ని ఎక్కడ వాడాలో తెలియడం సగం విద్య అయితే, ఎక్కడ వాడకూడదో తెలియడం మిగతా సగం. పేరుకి వాడొచ్చు, పలకరింపుకి వాడొచ్చు. చిరునామాకి వద్దు, మందు సీసాకి అసలే వద్దు. నల్లటి అట్ట మీద తెల్లగా వేస్తే రవ్వంత లావు చెయ్యాలి, లేకపోతే నలుపు మింగేస్తుంది. "నగలపెట్టెలో సన్న గొలుసుంది కదా అని దాంతో కట్టెలమోపు కడతామా?" అనేది.

అందరూ మెచ్చుకున్నది ఆ గీతలో ఉన్న చిన్న వణుకుని. చక్కగా గీస్తే ఎవరైనా గీస్తారు, ఆ రవ్వంత అదురులోనే ప్రాణముంది అనేవాళ్ళు. నేను దుమ్ము చుక్కలు తుడిచేటప్పుడు "ఆ వణుకు జోలికి మాత్రం పోకు" అని అక్క మరీ మరీ చెప్పేది. నేను పోలేదు.

అయితే ఒక ఇబ్బంది. మొదట్లో కాగితం మీది అక్షరం ఉన్నదున్నట్టుగా గీతల మధ్య కూర్చునేది. తరవాత కొంచెం లాగాల్సి వచ్చింది. ఆ తరవాత ఇంకొంచెం. ఒత్తుల దగ్గరికొచ్చేసరికి లాగీ లాగీ అంచులు పళ్ళుపళ్ళుగా కనిపించడం మొదలైంది.

"స్కానరు చెడింది. అన్నిటినీ కుదించేస్తోంది" అంది అక్క. నేనూ అదే అనుకున్నాను. మా పనిలో తప్పు ఎప్పుడూ యంత్రానిదే.

మెకానిక్ వచ్చాడు. మూత తీశాడు, అద్దం తుడిచాడు, లోపల టార్చి వేసి చూశాడు. చివరికి జేబులోంచి ఉక్కు స్కేలు తీసి అద్దం మీద పెట్టి స్కాన్ చేశాడు. అచ్చుతీసిన కాగితం మీద అసలు స్కేలుని పెట్టి చూపించాడు. గీతకి గీత సరిపోయింది.

"యంత్రం అబద్ధమాడదమ్మా" అన్నాడు. "మీరు పెట్టిందే చిన్నగా ఉంటే నన్నేం చెయ్యమంటారు?"

అక్క నవ్వి అతనికి టీ తెప్పించింది. నాకు నవ్వు రాలేదు. బీరువాలోంచి అత్తయ్య మొట్టమొదట రాసిన కాగితం తీసి, మొన్నటి కాగితంతో కలిపి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను. మొదటి కాగితంలోని 'అ' కడుపులో కొత్త అక్షరం ఒత్తుతో సహా పట్టేసింది. వణుకు మాత్రం కుదించుకుపోలేదు, పెరిగింది.

ఆ క్షణంలో నేను అత్తయ్య గురించి ఆలోచించలేదు. ఉన్నమాట చెబుతున్నాను. ఆ చేతుల్లో ఇప్పుడు నా బిడ్డ ఉంది, అన్నదొక్కటే ఆలోచించాను.

అక్కకి ఏమీ చెప్పకుండా చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఇంటికి పోయాను. తలుపు తీసే ఉంది. అత్తయ్య నేల మీద చాప వేసుకుని, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండు పక్కలా దిళ్ళు. ఒళ్ళో బుడ్డది ఆవిడ ముక్కు పట్టుకుని లాగుతోంది.

"ఏమే పిరికిపిల్లా, గ్యాస్ నేను కట్టేశాలే" అంది నన్ను చూసి.

మర్నాటి నుంచి ఏదో ఒక సాకు చెప్పి బుడ్డదాన్ని నాతో ఆఫీసుకి తీసుకుపోవడం మొదలుపెట్టాను. పళ్ళొస్తున్నాయి, అమ్మని వదలట్లేదన్నాను. మీకు విశ్రాంతి కావాలన్నాను. సబ్బులావిడకి పాపని చూపించాలన్నాను. అక్క బల్ల కింద అట్టపెట్టెలో బొంత వేసి పడుకోబెట్టేదాన్ని. అది స్కానరు వైరు నోట్లో పెట్టుకోబోతే నాకు కొత్త భయం.

మా ఆయనకి కోపమొచ్చింది. "మా అమ్మ నన్ను పెంచలేదా? నేనేమన్నా చెట్టుకి కాశానా?"

"అది కాదండీ..."

"మరేంటి? చూస్తున్నా కదా, నువ్వు ఆవిడ ఒళ్ళోంచి పిల్లని లాక్కున్నట్టు తీసుకుంటున్నావు. గాలి వీచినా భయపడతావు, సరే. కానీ మనుషులకి కూడా భయపడితే ఎట్లాగే?"

చెబుదామని నోరు తెరిచాను. అవతలి గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తయ్య వింటోందని తెలిసి నోరు మూసుకున్నాను.

ఆ వారమంతా ఆవిడ నన్ను పిరికిపిల్లా అని పిలవలేదు. అమ్మాయ్ అంది. "అమ్మాయ్, అన్నం అయింది." "అమ్మాయ్, పాప బట్టలు ఆరాయి." ఆ పిలుపులో మర్యాద చూస్తే ఏడుపొచ్చేది. ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు మెలిగేది. కాగితాలు రాయడం కూడా మానేసింది.

సెలవురోజు మధ్యాహ్నం, ఇక లాభం లేదనుకున్నాను. బుడ్డదాని మొదటి పన్ను కనిపించేలా తీయించిన ఫోటో ఒకటుంది. అక్క దగ్గర అడిగి ఒక నల్ల అట్టముక్క తెచ్చాను. దాని మీద ఫోటో అంటించి, తెల్ల సిరా సీసా, పాత పాళీ పక్కన పెట్టి అత్తయ్య ముందుకి జరిపాను.

"దీని కింద ఒక వాక్యం రాయండి అత్తయ్యా. పొడుగాటి వాక్యం."

ఆవిడ నా మొహంలోకి చూసి పాళీ ముంచింది. 'మా బంగారానికి మొదటి పన్ను వచ్చింది, ముందుగా కరిచింది నన్నే' అని రాసింది. 'మా' నిండుగా ఉంది, ఆల్బములో లాగే. 'పన్ను' దగ్గరికొచ్చేసరికి తగ్గింది. 'నన్నే' చీమ తలకాయంత ఉంది. వాక్యం అట్ట మీద దూరంగా నడిచి వెళ్ళిపోతున్న మనిషిలా ఉంది.

ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. బుడ్డది సిరా సీసా కోసం చెయ్యి చాపితే నేను మూత బిగించాను.

"చూశావన్నమాట" అంది అత్తయ్య. "నేను ఎప్పుడో చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబితే పిల్లనిస్తావా?" అంది. గొంతు గట్టిగానే ఉంది కానీ ఒళ్ళోని కుడిచెయ్యి దానంతటదే బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటోంది, మాత్ర నలిపినట్టు. దాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. "చూడవే, నేను పిచ్చిదాన్ననుకున్నావా? దాన్ని ఎత్తుకుని నిలబడడం మానేసి ఎన్నాళ్ళయిందో నువ్వు గమనించావా? కిందే కూర్చుంటున్నా. అటో దిండు, ఇటో దిండు. నేల మీద కూర్చున్నదాని చేతిలోంచి పడ్డానికి ఎత్తెక్కడిది?"

ఆ చాప, ఆ దిళ్ళు నేను రోజూ చూశాను. మోకాళ్ళ నెప్పులనుకున్నాను. ఒక్కోసారి బద్ధకమని కూడా అనుకున్నాను. నా భయం నేను పడుతుంటే, అదే భయం ఆవిడ నాకంటే ముందు నుంచీ, నాకంటే జాగ్రత్తగా పడుతోంది.

"మీరు కూడా పిరికిపిల్లే" అన్నాను ఏడుస్తూ.

"నోర్ముయ్. పెద్దదాన్ని, పిరికిముసలి అను" అంది. అని నవ్వింది. ఆ నవ్వు వారం తరవాత.

మా ఆయనకి సంగతంతా చెప్పి డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం, బుడ్డదానితో నలుగురం. నేను రెండు కాగితాలూ, ఆ నల్ల అట్టా సంచిలో పెట్టుకుని వెళ్ళాను. ఆయన వాటిని చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. అత్తయ్యని ఒక వాక్యం రాయమన్నాడు, గుండ్రంగా నత్తగుల్లలా ఒక గీత గీయమన్నాడు, గదిలో నడిపించాడు, వేళ్ళు తట్టించాడు.

"చేతిరాత చూసి జబ్బు కనుక్కోవడమంటే ఇదే. మా డాక్టర్ల రాత చూస్తే మాకందరికీ ఇదే ఉందనుకోవాలి" అన్నాడు. అత్తయ్య కోసమే ఆ జోకు వేశాడని నాకు అర్థమైంది. తరవాత నెమ్మదిగా చెప్పాడు. ఇది మెదడు నుంచి చేతులకీ కాళ్ళకీ వెళ్ళే మాట సన్నగిల్లే జబ్బు. పూర్తిగా పోదు. కానీ మందులున్నాయి, చేతులకి సాధన ఉంది. ఇంకా పడిపోవడాలూ అవీ మొదలుకాక ముందే వచ్చారు, అది మంచిదయింది.

మా ఆయన బయటికొచ్చి వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడిపోయాడు. "నేను చూడలేదే" అన్నాడు. "రోజూ ఆవిడ చేతి అన్నమే తింటున్నాను, చూడలేదు."

"నువ్వు అన్నం వైపు చూస్తావురా, చెయ్యి వైపు ఎప్పుడు చూశావ్?" అంది అత్తయ్య వ్యాను ఎక్కుతూ.

అక్షరాలక్కకి నేనే చెప్పాను. ఆవిడ కంప్యూటరు తెర మీది అక్షరాలు మూసేసింది. "ఆ వణుకే అందమని నేను అందరికీ అమ్మాను" అంది. ఆపేద్దాం, ఉన్నవాటితో సరిపెడదాం అంది. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి అత్తయ్య చేతులు పట్టుకుంది.

"ఆపడమేంటి? సగం కుటుంబానికే బట్టలు కుడతారా? మిగతావాళ్ళు దిసమొలతో తిరగాలా?" అంది అత్తయ్య. "వణుకు అప్పుడూ నాదే, ఇప్పుడూ నాదే. బాగుందంటే నాకేం నష్టం? నేనేమీ జాలికి రాయలేదు."

చేతుల సాధన నేర్పించే అమ్మాయి ఒక కిటుకు చెప్పింది. అడ్డంగా వెడల్పు గీతలు కొట్టిన కాగితం మీద, ఇంతింత పెద్ద అక్షరాలు, భుజం నుంచి చెయ్యి కదిపి రాయమంది. అత్తయ్య గోడకి గోధుమరంగు అట్ట కాగితం అంటించి, బడిపిల్లలా నిలబడి రాసేది. పైన ఒక గీత, కింద ఒక గీత. గీతలుంటే చెయ్యి బిగుసుకుంటుందన్న అక్కే వాటిని స్కేలుతో కొట్టి ఇచ్చింది. మిగిలిన ఒత్తులన్నీ అలాగే పూర్తయ్యాయి, ఒక్కోటి పూరీ కర్రంత పొడుగు. ఆ పెద్ద కాగితం మా స్కానర్లో పట్టక మెకానిక్ని మళ్ళీ పిలిచాం. "ఈసారి పెద్దదై వచ్చిందా?" అని తల గోక్కున్నాడు. ముక్కలుగా స్కాన్ చేసి అతికించాను. ఇంతకుముందు లాగినదాన్ని ఇప్పుడు కుదించాల్సి వచ్చింది. అలా కుదిస్తున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఎవరికి చెప్పినా అర్థం కాదు.

ఇప్పుడు నూలుపోగు చాలాచోట్ల కనిపిస్తోంది. సబ్బు డబ్బాల మీద, పూలకొట్టు గాజు తలుపు మీద, పసిపిల్లల చొక్కా చీటీల మీద. వీధిలో నడుస్తూ నేను పోల్చుకోగలను. ఇది మొదటి కాగితంలోది, ఇది మేము స్కానర్ని తిట్టిన రోజుల్లోది, ఇది గోడ మీద రాసింది. మిగతావాళ్ళకి అన్నీ ఒకే ఎత్తులో, ఒకే చేత్తో, ఏ తేడా లేకుండా కనిపిస్తాయి.

భయం పోయిందా అంటే పోలేదు. మొదటి వాక్యంలో చెప్పింది ఇవాళ్టికీ నిజమే. అయితే ఇప్పుడు బుడ్డదాన్ని అత్తయ్యకి ఇవ్వాలంటే ముందు ఆవిడ చాప మీద కూర్చుంటుంది, దిళ్ళు సర్దుతాను, అప్పుడు ఒళ్ళో పెడతాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటాం. "పడదులే పిరికిపిల్లా" అంటుంది. నేను పక్కనే కాసేపు కూర్చుని, అప్పుడు పనికి వెళతాను.

మీకొక మాట. ఈ కథ అచ్చయిన పేజీ అంచున కాస్త ఖాళీ ఉంటుంది. మీ ఇంట్లో సామాన్ల చీటీ రాసేదెవరో, డబ్బాల మీద పేర్లు రాసేదెవరో, వాళ్ళకి ఒక కలమిచ్చి ఆ ఖాళీలో పొడుగాటి వాక్యం ఒకటి రాయమనండి. రాత బాగుందా లేదా అని చూడొద్దు. మొదటి అక్షరం ఎంతుందో, చివరి అక్షరం అంతే ఉందా చూడండి. ఈ మధ్య వాళ్ళు ఎందుకో కిందే కూర్చుంటున్నారా, అదీ చూడండి. భయపడే పని నేను చేస్తాను, మీరు ఒక్కసారి లేచి వెళ్ళి చూసి రండి.